పాత ఫైబర్‌గ్లాస్ బోటు అడుగున పగులు: ఎంతవరకు చెక్కాలి, ఏ రెజిన్ వాడాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా దగ్గర 30 ఏళ్లు దాటిన, సుమారు 5 మీటర్ల పొడవున్న ఫైబర్‌గ్లాస్ బోటు ఒకటి ఉంది. కొన్నప్పుడు అడుగంతా కొత్త రంగుతో నిగనిగలాడుతూ ఉండటం వల్ల లోపమేదీ నా కంట పడలేదు. ఈసారి నీళ్లలోంచి తీసి, బోటును లాక్కెళ్లే ట్రైలర్ మీదికి ఎక్కించి కడుగుతుండగా, ముందు భాగంలో కుడివైపు, ట్రైలర్ రోలర్ ఆనే చోటుకు కొంచెం వెనకగా, 12 సెంటీమీటర్ల పొడవున పగులు కనిపించింది. స్క్రూడ్రైవర్ మొనతో దాని అంచును కదిపితే గట్టి పుట్టీ పెచ్చు ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక గాజు నార తెల్లబారి, తడిగా ఉంది. ఎవరో ఒకప్పుడు పగులులో పుట్టీ కూరి, పైన రంగు పూసి వదిలేశారని అప్పుడు అర్థమైంది.

పగులుకు వెనక, నీటి గీతకు దిగువన, కందిగింజంతవి కొన్ని, బొటనవేలి గోరంతవి కొన్ని బొబ్బలు కూడా ఉన్నాయి. ఒకదాన్ని పొడిస్తే పుల్లటి వాసనతో జిగటగా ఉన్న నీరు చిమ్మింది. అడుగు మందం అక్కడ సుమారు 7 మిల్లీమీటర్లు ఉన్నట్టు కొలతలో తేలింది. లోపలి వైపు నుంచి ఆ చోటుకు చెయ్యి అందదు, పైన నేల పలక అతికి ఉంది.

నా సందేహాలు ఇవి. పగులు చుట్టూ ఎంత మేర చెక్కాలి? బోటు పాలియెస్టర్ రెజిన్‌తో చేసినదే కాబట్టి మళ్లీ పాలియెస్టరే వాడాలా, ఎపాక్సీకి మారవచ్చా? తడిసిన పొరలు ఆరాయని ఎలా తెలుసుకోవాలి? చేతిపని నాకు అలవాటే గానీ ఫైబర్‌గ్లాస్ పని ఇదే మొదటిసారి. ఈసారి చేసిన మరమ్మతు నిలవాలన్నది నా కోరిక.

మొదటి సమాధానం

పెచ్చు ఊడదీసి చూడటం వల్ల మీకు మేలే జరిగింది. ఫైబర్‌గ్లాస్‌లో బయటికి కనిపించే పగులు గాయానికి నోరు మాత్రమే, గాయం అసలు విస్తీర్ణం పొరల మధ్యన దాగి ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు గాజు నార తెగేది కొద్ది మేరకే అయినా, పొరను పొరతో పట్టి ఉంచే రెజిన్ అంతకు ఎన్నో రెట్ల వైశాల్యంలో విడిపోతుంది. ఆ సందుల్లోకి చేరిన నీరు నార పోగుల వెంట పాకుతూ ఇంకా లోపలికి పోతుంది. పుట్టీలో పొడవాటి నార ఉండదు గనుక అది బరువు మోయలేదు. ప్రతి అల తాకిడికీ అడుగు కొద్దిగా వంగి లేస్తున్నప్పుడు దాని అంచులు పట్టు వదిలేస్తాయి. మీ చేతిలోకి వచ్చిన పెచ్చు అలా ఊడినదే.

ముందుగా గ్రైండర్ పట్టకండి. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో గాని, చిన్న సుత్తితో గాని పగులుకు చుట్టూ అరమీటరు మేర, రెండేసి సెంటీమీటర్ల ఎడంతో తట్టుకుంటూ వెళ్లండి. బాగున్న చోట శబ్దం ఖంగుమని చురుగ్గా వస్తుంది, పొరలు విడిన చోట డొల్లగా, మందంగా వస్తుంది. శబ్దం మారిన ప్రతిచోటా పెన్సిలుతో గుర్తు పెడితే గాయం సరిహద్దు మీ కళ్లముందు గీత గీసినట్టు తేలుతుంది. లోపల అడ్డగోడో, పొడవాటి దూలమో, ట్యాంకో ఉన్నచోట కూడా శబ్దం మారుతుంది కాబట్టి ఎడమవైపు సరిగ్గా అదే స్థానంలో తట్టి, రెండింటినీ పోల్చి నిర్ణయించుకోవాలి.

పగులు ఎందుకు వచ్చిందో తేల్చకుండా పూడ్చవద్దు. ఒకచోట నుంచి నక్షత్రంలా అన్ని వైపులకూ చీలికలు పోతే ఏదో మొనదేలిన వస్తువు గుద్దుకుందని అనుకోవచ్చు. ఒకదానికొకటి సమాంతరంగా గీతలు ఉంటే అక్కడ అడుగు ఏదో గట్టి అంచు మీద పదేపదే వంగుతోందని అర్థం. రోలర్ పక్కనే పగిలింది కాబట్టి నాకు ట్రైలర్ మీదే అనుమానం. బోటు బరువు నాలుగు చోట్ల పంచుకోవలసింది ఒక్క రోలర్ మీదే పడుతోందేమో చూడండి. ఆధారం వల్ల అడుగు లోపలికి నొక్కుకుని ఉన్నప్పుడు అతుకు వేస్తే, రెజిన్ ఆ నొక్కుడు ఆకారంలోనే గట్టిపడి, ఆ సొట్ట శాశ్వతంగా ఉండిపోతుంది. పని మొదలుపెట్టే ముందే రోలర్‌ను అక్కడి నుంచి జరిపి, బరువును వెడల్పాటి దిమ్మెల మీదికి మార్చి, పొడవాటి వంగే బద్దను అడుగు మీద ఆనించి రెండు వైపులా వంపు ఒకేలా ఉందో లేదో సరిచూడండి.

ఇక చెక్కడం. గరుకు కాగితం తగలకముందే ఆ ప్రాంతాన్ని మైనం వదిలించే ద్రావకంతో తుడవాలి. ఒక గుడ్డతో తడిపి, అది ఆరేలోపు పొడి గుడ్డతో ఎత్తివేయాలి. ఈ పని చేయకుండా రుద్దితే పాత పాలిష్ మైనం గీతల్లోకి దిగిపోయి కొత్త రెజిన్‌ను అంటనివ్వదు. తరువాత 36 లేదా 40 నంబరు డిస్కుతో తెల్లబారిన నార అంతా పోయి, పొరలు ఒకే రంగులో, కాస్త వెలుతురు పారేలా కనిపించేదాకా తీసివేయండి. రంధ్రం పెద్దదవుతోందని ఈ దశలో చెయ్యి వెనక్కి తీసుకోకూడదు. తెల్లటి నార మీద ఎంత మంచి రెజిన్ పూసినా అది విడిపోయిన పొరకే అంటుకుంటుంది.

అంచులను ఏటవాలుగా దించడం ఈ పనికంతటికీ ఆయువుపట్టు. మందానికి 12 రెట్ల దూరం ఏటవాలు ఇవ్వడం నీటి గీతకు దిగువన సాధారణంగా పాటించే కొలత. మీ అడుగు 7 మిల్లీమీటర్లు కాబట్టి ప్రతి వైపూ 84 మిల్లీమీటర్లు రావాలి. పాత పొరకూ కొత్త పొరకూ మధ్య నార కొనసాగదు, ఉన్నదల్లా జిగురు పట్టే. ఆ పట్టు ఎంత వెడల్పున పరుచుకుంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా అంత తక్కువ ఒత్తిడి పడుతుంది.

ఆరడం గురించి ఒక మాట. పొరల్లో చేరింది మంచినీరు మాత్రమే అయితే గాలికే ఎగిరిపోతుంది. కానీ మీరు పొడిచిన బొబ్బలోంచి వచ్చిన పుల్లటి ద్రవంలో రెజిన్ నుంచి విడివడిన ఆమ్లాలు, గ్లైకాల్ ఉంటాయి. ఇవి గాలిలోని తేమను కూడా లాక్కుంటాయి గనుక ఎన్నాళ్లు ఎండలో ఉంచినా ఆ చోటు తడిగానే ఉంటుంది. చెక్కిన భాగాన్ని వేడినీటితో బాగా కడగడం, ఆరనివ్వడం, మళ్లీ కడగడం అనేకసార్లు జరగాలి. ఆరిందనుకున్నాక పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాన్ని దాని మీద పరిచి నాలుగంచులూ టేపుతో మూసి ఒక పగలంతా ఉంచండి, లోపలి వైపు చెమర్చితే ఇంకా ఆగవలసిందే. తేమ మీటరు దొరికితే అది చూపే అంకెను నమ్మడం కంటే, నీటి గీతకు పైన ఎప్పుడూ తడవని చోట చూపే అంకెతో పోల్చుకోవడం మంచిది.

పగులు లోపలి దూలాల దాకా గాని, వెనక మోటారు బిగించే పలక దాకా గాని వెళ్లినట్టు తేలితే మాత్రం బోట్ల స్థితిని తనిఖీ చేసే అనుభవమున్న సర్వేయరుకు చూపించిన తరువాతే ముందుకు వెళ్లండి.

రెండవ సమాధానం

రెజిన్ విషయం నేను చెబుతాను. బోటు అచ్చులో తయారైనప్పుడు ఒక పొర పూర్తిగా గట్టిపడకముందే మరో పొర వేస్తారు కాబట్టి పాలియెస్టర్ పొరలు రసాయనికంగా ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. 30 ఏళ్ల కిందట గట్టిపడిన పొర మీద ఈరోజు వేసే పాలియెస్టర్‌కు ఆ అవకాశం లేదు, గరుకు గీతల్లో చిక్కుకుని పట్టుకోవడమే దానికి మిగిలింది. పైగా అది గట్టిపడేటప్పుడు ఎపాక్సీ కంటే ఎక్కువగా కుంచించుకుపోయి అంచులను లాగుతుంది. ఎపాక్సీ జిగురుగానే మేలైనది, నీటిని కూడా తక్కువగా చొరనిస్తుంది. నీటి గీతకు దిగువన, పాత పొర మీద వేసే అతుకుకు ఎపాక్సీనే వాడమని నా గట్టి సలహా. వినైల్‌ఎస్టర్ అనే మరో రెజిన్ ఈ రెండింటికీ నడుమ నిలుస్తుంది.

అయితే ఎపాక్సీకి మారినప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. సాధారణంగా దొరికే చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ (పొట్టి గాజు పోగుల చాప) లో పోగులను కలిపి ఉంచే బంధకం పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కు కరిగేలా తయారు చేసినది. ఎపాక్సీలో స్టైరీన్ లేదు కాబట్టి ఆ మ్యాట్ మెత్తబడక, వంపుల దగ్గర బిరుసుగా లేచి నిలుస్తుంది. అందుకని పోగులు రెండు దిశల్లో ఉండేలా కుట్టిన బయాక్సియల్ గాజు గుడ్డను గాని, నేసిన గుడ్డను గాని తీసుకోండి. రెండోది, పాలియెస్టర్‌లో ఉత్ప్రేరకాన్ని వాతావరణాన్ని బట్టి సుమారు 1 నుంచి 2 శాతం మధ్య కొంచెం అటూ ఇటూ మార్చవచ్చు గాని, ఎపాక్సీలో హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే ద్రవం) పాలు తయారీదారు చెప్పినంతే ఉండాలి. త్వరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే మిగిలిపోయిన భాగం ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. వేగం మారాలంటే వేరే రకం హార్డెనర్ కొనాలి. మూడోది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ జెల్‌కోట్ (బోటుకు వెలుపల ఉండే నున్నటి రెజిన్ పూత) వేయాలనుకునేవారు చాలా జాగ్రత్తపడాలి. ఎపాక్సీ పైకి తేలే మైనం వంటి జిడ్డు జెల్‌కోట్‌ను గట్టిపడనివ్వదు. అడుగు భాగానికి ఎటూ రంగు వేస్తారు కనుక, మీరు జెల్‌కోట్ జోలికి పోకుండా ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రంగుతో సరిపెట్టుకోవడం ఉత్తమం.

బొబ్బల సంగతి. అవి పదో ఇరవయ్యో ఉండి, జెల్‌కోట్‌కూ మొదటి పొరకూ మధ్యనే ఉంటే అడుగు మొత్తం గీకవలసిన అవసరం లేదు. ఒక్కొక్కదాన్నీ తెరిచి, గిన్నెలా లోతుగా, అంచులు వాలుగా చెక్కి, కడిగి, పగులుతో పాటే ఆరనిచ్చి, చిక్కటి ఎపాక్సీతో నింపవచ్చు. తెరిచేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, లోపలి ద్రవం ఒత్తిడితో చిమ్ముతుందని మీరే చూశారు. మోటారు వాహనాలకు వాడే పాలియెస్టర్ పుట్టీలో సుద్ద వంటి పొడి ఉండి అది నీటిని పీలుస్తుంది కాబట్టి దాన్ని నీటి గీతకు దిగువన వాడవద్దు. మీ చేతిలోకి ఊడి వచ్చిన పెచ్చు కూడా బహుశా అలాంటిదే అయి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. అయిదు వారాల తరువాత రాస్తున్నాను. తట్టి చూస్తే డొల్ల శబ్దం వచ్చిన ప్రాంతం 12 సెంటీమీటర్ల పగులుతో కలిపి మొత్తం దాదాపు 30 సెంటీమీటర్ల పొడవుకు పాకింది. తెల్ల నార పోయేదాకా చెక్కితే 180 మిల్లీమీటర్ల పొడవు, 90 మిల్లీమీటర్ల వెడల్పున కోడిగుడ్డు ఆకారంలో రంధ్రం మిగిలింది. దాని చుట్టూ చాలామేర పై రెండు పొరలు మాత్రమే విడిపోయి ఉండటంతో అవి ఏటవాలులోనే పోయాయి. ఏటవాలుతో కలిపి మొత్తం 348 మిల్లీమీటర్ల పొడవు, 258 మిల్లీమీటర్ల వెడల్పు అయింది. ఆ రంధ్రంలోంచి చూస్తే గుండె జారింది, కానీ అంచు మీద పొరలన్నీ చెట్టు వయసు వలయాల్లా శుభ్రంగా, పొడిగా కనిపిస్తున్నాయి. మొదటి మూడు వారాలు ప్లాస్టిక్ కాగితం చెమర్చుతూనే ఉంది. నాలుగోసారి వేడినీటితో కడిగి ఆరబెట్టిన తరువాత ఆగిపోయింది.

రోలర్ విషయంలో మీ అనుమానం నిజమే. దాని ఇనుప పట్టీ వంగిపోయి, రబ్బరు అరిగి, అంచు బోటును నొక్కుతోంది.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, లోపలి నుంచి చెయ్యి అందదు, పని అంతా బోటు కింద పడుకుని పైకి చూస్తూ చేయాలి. వెనక ఆధారం లేకుండా గుడ్డను ఎలా నిలబెట్టాలి? పొరల్లో పెద్ద ముక్క ముందు వేయాలా, చిన్నది ముందు వేయాలా? రెండు రకాలుగానూ విన్నాను.

మూడవ సమాధానం

వెనక ఆధారానికి ఒక పాత పద్ధతి ఉంది. బోటు వంపు అదే విధంగా ఉన్న ఎడమవైపు అడుగు మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద రెండు పొరల గుడ్డను ఎపాక్సీతో తడిపి గట్టిపడనివ్వండి. పలుచగా, సరైన వంపుతో ఒక పెంకు తయారవుతుంది. ఎడమవైపుది కుడివైపుకు ప్రతిబింబం కదా, అందుకని వంపు ఎక్కువగా ఉన్న అంచు ఎటు రావాలో ముందే గుర్తు వేసుకోండి. పెంకును రంధ్రం కంటే చుట్టూ 3 సెంటీమీటర్లు పెద్దదిగా కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించండి. దాని వెడల్పు మీ రంధ్రం పొడవు కంటే తక్కువ ఉంటుంది గనుక పక్కకు తిప్పి లోపలికి దూర్చవచ్చు. దూర్చేముందు మధ్యలో రెండు చిన్న బెజ్జాలు చేసి తీగ కట్టి, అంచులకు చిక్కటి ఎపాక్సీ పూసి, లోపలి నుంచి బయటికి లాగి, బయట ఒక కర్ర ముక్కకు తీగను మెలివేసి బిగించండి. రంధ్రం చుట్టూ లోపలి వైపు కూడా చేతికి అందినంత మేర గరుకు కాగితంతో రుద్ది ఉంచడం మరవకండి. మర్నాటికి అది కదలదు. తీగ తీసేసి బెజ్జాలు మూస్తే మీకు గట్టి అడుగు దొరికినట్టే.

ముక్కల క్రమం మీద వాదన ఎప్పటిదో. నేను పెద్దది ముందు వేస్తాను. ఏటవాలు మొత్తాన్ని ఒకే పొర నిండుగా కప్పుతుంది. చివర్లో చదును చేసేటప్పుడు గరుకు కాగితం పైనున్న చిన్న ముక్కలనే అరగదీస్తుంది గాని పట్టు ఇచ్చే ఆ మొదటి పొరను ముట్టదు. చిన్నది ముందు వేసేవారు ప్రతి పొర అంచూ పాత పొరను తాకుతుందని చెబుతారు, అందులోనూ న్యాయముంది. ఏటవాలు 12 రెట్లు నిజంగా ఉంటే ఏ క్రమమైనా నిలుస్తుంది, ఏటవాలు తక్కువైతే ఏ క్రమమూ ఆదుకోదు.

ఎన్ని పొరలు పడతాయో ఊహించకండి. అదే గుడ్డతో నాలుగు పొరల నమూనా ముక్క ఒకటి చేసి, గట్టిపడ్డాక వెర్నియర్‌తో కొలవండి. మీ చేతి ఒత్తిడికి ఒక్కో పొర ఎంత మందం వస్తుందో తేలుతుంది, దాన్ని 7 మిల్లీమీటర్లకు లెక్కగట్టుకోండి.

పైకి చూస్తూ పని చేసేటప్పుడు మొదట ఏటవాలు మీద పలుచటి ఎపాక్సీ, ఆ తరువాత సిలికా పొడితో చిక్కబరచిన ఎపాక్సీ పూయాలి. గుడ్డ ముక్కలను బోటు మీద తడపవద్దు. బల్ల మీద ప్లాస్టిక్ కాగితంపై ముక్కను పరిచి, నార తెలుపు పోయి పారదర్శకమయ్యేదాకా తడిపి, కాగితంతో సహా ఎత్తి బోటుకు అంటించి, కాగితం మీద నుంచే చేత్తో నిమిరి, ఆపైన కాగితాన్ని నెమ్మదిగా ఒలిచేయాలి. గాడి రోలర్‌తో మధ్య నుంచి అంచులకు తోస్తూ గాలి బుడగలు వెళ్లగొట్టండి. తెల్లటి చుక్క ఎక్కడ కనిపించినా అక్కడ గాలి మిగిలిందన్నమాట. ఒకేసారి మూడు నాలుగు పొరలకు మించవద్దు, మందంగా వేస్తే అది తన వేడికి తానే ఉడికి, కిందికి జారుతుంది. పాత విడత ఇంకా జిగటగా ఉండగానే తరువాతి విడత అందుకుంటే మంచిది. అది కుదరకపోతే గట్టిపడ్డాక ఆ జిడ్డును సబ్బు లేని నీటితో, గరుకు పీచుతో కడిగి, ఆరబెట్టి, 80 నంబరు కాగితంతో రుద్దిన తరువాతే కొనసాగించాలి. చివరి పొర మీద పీల్ ప్లై అనే ఊడివచ్చే గుడ్డను పరిస్తే దాన్ని లాగేసినప్పుడు జిడ్డు కూడా దానితోనే పోతుంది.

నాలుగవ సమాధానం

పని చక్కగా సాగుతోంది, అందుకే ఒక్క విషయం మాత్రం కలుపుతాను. గ్రైండింగ్ దుమ్ముకు వాడే ముసుగు రెజిన్ ఆవిరిని ఆపదు. ఆవిరికి సేంద్రియ ఆవిర్ల కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు, దుమ్ముకు సన్నని కణాలను ఆపే వడపోత రెండూ కావాలి. బోటు కింద పడుకుని చేసే పని కాబట్టి గట్టిగా అంటుకునే కళ్లద్దాలు, తలకు గుడ్డ, పొడవు చేతుల దుస్తులు లేకుండా దిగవద్దు. ఒంటికి గాజు నార అంటితే గోకకుండా ముందు చన్నీటితో కడగండి. ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే కొందరికి జీవితాంతం ఉండే అలర్జీ వస్తుంది, అది వచ్చాక ఈ పని మానుకోవలసిందే. చేతి తొడుగులు చిరిగిన వెంటనే మార్చండి.

ఇది చదివే ఇతరులు పాలియెస్టర్ వాడితే, దాన్ని గట్టిపరచడానికి కలిపే ఎం.ఇ.కె.పి. ఉత్ప్రేరకం ఒక్క చుక్క కంట్లో పడినా చూపు పోవచ్చు. ఆ ఉత్ప్రేరకాన్ని, గట్టిపడే వేగాన్ని పెంచే కోబాల్ట్ యాక్సిలరేటర్‌తో నేరుగా ఎన్నడూ కలపరాదు, ఆ రెండూ కలిస్తే పేలవచ్చు. ఏ రెజిన్ అయినా డబ్బాలో లోతుగా మిగిలితే పొగలు కక్కేంత వేడెక్కుతుంది. వెడల్పాటి పళ్లెంలో పలుచగా పోసుకుని వాడండి, మిగిలింది ఆరుబయట, మండే వస్తువులకు దూరంగా పెట్టండి.

ప్రశ్న అడిగినవారు

పని పూర్తయింది. పెంకును లోపలికి దూర్చడానికి మూడుసార్లు ప్రయత్నించాను. మొదటి రెండుసార్లు ఎపాక్సీ పూసిన అంచు రంధ్రానికి రాసుకుని తుడుచుకుపోయింది. మూడోసారి సన్నని బద్దతో లోపల అంచు వెంట ఎపాక్సీ ముందే పూసి, పెంకును పొడిగా దూర్చి లాగితే సరిగ్గా కూర్చుంది. నా నమూనా ముక్క నాలుగు పొరలకు 2.8 మిల్లీమీటర్లు వచ్చింది కనుక 10 పొరలు లెక్కగట్టి, మూడు విడతలుగా, పెద్ద ముక్క ముందుగా వేశాను. రెండో విడతలో ఒక మూల గాలి బుడగ మిగిలింది. మర్నాడు తట్టి చూస్తే ఆ అరచేయంత మేరే డొల్లగా పలికింది. వదిలేయాలని మనసు లాగినా, ఆ చోటును మళ్లీ చెక్కి కొత్త ముక్కలు వేశాను.

చదును చేయడానికి పొడవాటి వంగే పలకకు 80 నంబరు కాగితం అతికించి, అతుకు మీదంతా పెన్సిలు గీతలు గీసి రుద్దాను. గీతలు చెరగని చోటే పల్లమని తెలిసింది. తేలికపాటి పొడి కలిపిన ఎపాక్సీతో ఆ పల్లాలు నింపి, దాని మీద ఉత్త ఎపాక్సీ రెండు పూతలు వేశాక, బొబ్బలున్న ప్రాంతంతో కలిపి బారియర్ కోటు (నీరు చొరకుండా అడ్డుకునే పూత) మొత్తం 250 మైక్రాన్ల మందం వచ్చేదాకా పూతలు పూశాను. ప్రతి రెండు పూతలకూ రంగు మార్చమని డబ్బా మీద ఉన్న సూచన ఎంతో ఉపయోగపడింది, ఎక్కడ పూత పడలేదో ఒక్క చూపులో తెలిసింది.

రోలర్ పట్టీ మార్చి, పక్కన మరో రెండు రోలర్లు కలిపాను. నిన్న బోటును నీళ్లలోకి దించి, నాలుగు గంటల తరువాత నేల పలకకు కొత్తగా కోసిన తనిఖీ మూతలోంచి టార్చి వేసి చూశాను. పెంకు అంచు చుట్టూ పొడిగా ఉంది. నెల రోజుల తరువాత బయటికి తీసి, మళ్లీ తట్టి చూసి ఇక్కడే రాస్తాను.